తేదీ చెదరకుండా

ఉత్తరాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం పెద్ద విద్య కాదు. దాని తేదీని చేర్చడమే విద్య. 2004లో వచ్చిన మెయిలును ఈరోజు కొత్త ఖాతాలోకి ఎక్కిస్తే అది 2004 వరుసలోనే కూర్చోవాలి. చదివినదైతే చదివినట్టే కనిపించాలి. అప్పట్లో ఏ ఫోల్డరులో ఉందో అందులోనే దొరకాలి. ఒకటికి రెండు కాకూడదు. ఇవన్నీ కుదిరితే అక్కడ పని జరిగిన ఆనవాలే కనిపించదు. అందుకేనేమో ఈ పనితనానికి పేరు రాలేదు. కర్నూలులో, కడపలో కంప్యూటరు రిపేరు అంగళ్ల బోర్డుల మీద ఫార్మాటింగు, డేటా రికవరీ, సీసీ కెమెరాలు అని ఉంటుంది. 'పాత మెయిళ్లు క్లౌడుకు ఎక్కించబడును' అన్న బోర్డు నేనైతే చూడలేదు. పని మాత్రం జరుగుతూనే ఉంది.

మన వైపు ఇలాంటి పాత మెయిళ్లు ఎవరి దగ్గర ఉంటాయో ఊహించవచ్చు. బేతంచెర్ల నాపరాయి, కడప బండలు పై రాష్ట్రాలకు పంపే వ్యాపారి, మంగంపేట ముగ్గురాయి లావాదేవీలు చూసినవాడు, ఆదోని పత్తి కమీషన్ ఏజెంటు, నంద్యాల విత్తనాల కంపెనీ గుమాస్తా, ఆడిటరు, వకీలు, పిల్లలు అమెరికాలో ఉన్న రిటైర్డు అయ్యవారు. వీళ్లందరిదీ ఒకే దారి. 2000 తర్వాత కంప్యూటరు కొన్నారు, బీఎస్ఎన్ఎల్ వారి సంచార్‌నెట్ కనెక్షను పెట్టించుకున్నారు, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోనో ఔట్‌లుక్‌లోనో మెయిలు చూసుకున్నారు. ఆ మెయిళ్లు ఇప్పటికీ ఆ సీపీయూలోనే ఉన్నాయి. సీపీయూ ఏ అటక మీదో ఉంది.

అక్కడే ఎందుకు ఉండిపోయాయంటే, ఆనాటి ఏర్పాటే అది. ఫోను లైను కలిపి ఉన్నంతసేపూ బిల్లు పెరిగేది, ఇంటికి వేరే కాల్ వచ్చే వీలుండేది కాదు. అందుకే పాప్ త్రీ అనే పద్ధతి. లైను కలపడం, సర్వరులో ఉన్న మెయిళ్లన్నీ ఒకేసారి దించుకోవడం, అక్కడ చెరిపేయడం, లైను తెంచేయడం. దాచుకుందామన్నా సర్వరులో చోటేదీ? హాట్‌మెయిల్ ఇచ్చింది 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ. 2004 ఏప్రిల్ 1న గూగుల్ జీమెయిల్‌ను ప్రకటించి 1 జీబీ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. కాబట్టి ఇంట్లోని ఆ కంప్యూటరులో ఉన్నదే ఆ ఉత్తరానికి ఉన్న ఒకే ఒక్క ప్రతి. దీన్ని ఎవరి అశ్రద్ధా అనడానికి లేదు. కరువు కాలానికి తగిన కట్టుబాటు అది.

ఇక ఆ ప్రతి ఎలా కట్టి ఉందో చూడాలి. ఔట్‌లుక్ తన సరుకంతా పీఎస్‌టీ అనే ఒకే ఫైలులో పెడుతుంది. దీన్ని తిట్టుకోని మెకానిక్ ఉండడు కానీ, నాకు మాత్రం ఆ కట్టడం మీద గౌరవం ఉంది. మైక్రోసాఫ్ట్ 2010లో దాని నిర్మాణాన్ని పూర్తి పత్రంగా బయటపెట్టింది. ఆ పత్రం ప్రకారం ఫైలు లోపల రెండు సూచికలున్నాయి. మొదటిది ఫలానా ఉత్తరానికి ఫలానా నంబరు దిమ్మెలు చెందుతాయి అని చెబుతుంది. రెండోది ఆ నంబరు దిమ్మె ఫైలులో ఎక్కడుందో చెబుతుంది. ఎవరిది అనే సంగతి ఒక పుస్తకంలో, ఎక్కడుంది అనే సంగతి మరో పుస్తకంలో ఉన్నట్టు. దిమ్మెను లోపల వేరే చోటికి జరిపినా మొదటి పుస్తకం జోలికి పోనక్కర్లేదు. ఒక్కో దిమ్మె 8 కేబీ దాటదు, సూచికల పుటలు ఒక్కొక్కటి 512 బైట్లు, ప్రతిదాని చివరా సరిచూసుకునే సంఖ్య ఒకటి ఉంటుంది. దుమ్ము, ఎండ, చెప్పకుండా పోయే కరెంటు, వీటన్నిటి మధ్య పదిహేను ఇరవై ఏళ్లు పడి ఉన్న పీఎస్‌టీలు కూడా చాలాసార్లు తెరుచుకుంటున్నాయంటే ఈ కట్టుదిట్టమే కారణం. ఒక దిమ్మె చెడితే ఆ సంఖ్య కలవదు. ఏది చెడిందో తెలుస్తుంది, మిగతావి బతుకుతాయి.

లోపమూ ఉంది. ఔట్‌లుక్ 2002 దాకా ఆ ఫైలు 2 జీబీ దాటకూడదు. పరిమాణం ఆ హద్దు చేరిందంటే ఫైలు బిగుసుకుపోయేది. అప్పుడు మైక్రోసాఫ్టే ఇచ్చిన ఉపకరణం చేసేది ఒకటే, తోక కొంత కోసేసి మిగతాది తెరిపించడం. కోసినదాంట్లో ఏ ఉత్తరాలు పోయాయో దైవానికి తెలుసు. ఔట్‌లుక్ 2003తో కొత్త అచ్చు వచ్చింది, హద్దు 20 జీబీ అయింది, 2010లో 50 జీబీ అయింది.

ఆ పాత అచ్చులో మనకు మరో చిక్కు ఉంది. అందులో అక్షరాలు విండోస్ కోడ్‌పేజీల ప్రకారం ఉంటాయి. తెలుగుకు అలాంటి కోడ్‌పేజీ విండోస్‌లో లేదు. తెలుగు విండోస్‌కు యూనికోడ్‌తోనే వచ్చింది. కాబట్టి యూనికోడ్ తెలుగులో ఎవరైనా మెయిలు పంపితే, పాత పీఎస్‌టీలో దాని విషయపు వరుస ప్రశ్నార్థకాల వరుసగా పడేది. పని తెలియనివాడు ఆ ప్రశ్నార్థకాలనే కొత్త ఖాతాకు ఎక్కిస్తాడు. తెలిసినవాడు ఇంకో చోట వెతుకుతాడు. పీఎస్‌టీ మెయిలును ముక్కలుగా విడదీసి పెడుతుంది కానీ, దారిలో దానికి పడ్డ ముద్రలు, అంటే మెయిలు తలకట్టు మొత్తాన్ని వేరే ఒక గడిలో యథాతథంగా దాస్తుంది. ఆ తలకట్టు పూర్తిగా సాదా ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది, తెలుగు విషయం కూడా సంకేతాల రూపంలో అందులోనే ఉంటుంది. కోడ్‌పేజీ దాన్ని చెరపలేదు. ప్రశ్నార్థకాలను పారేసి, ఆ గడిలోంచి అసలు తెలుగును విప్పి తెచ్చుకోవచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే చోటు ఇది.

విడదీసి పెడుతుందన్నాను. తరలింపు కష్టానికి సగం మూలం అదే. ఇంటర్నెట్టులో మెయిలు ఒకే పొడుగాటి పాఠంగా ప్రయాణిస్తుంది. ఔట్‌లుక్ దాన్ని అందుకోగానే పంపినవారు, విషయం, ఒళ్లు, జతపరచిన ఫైళ్లు అని విడగొట్టి, ఒక్కొక్కటి ఒక్కో గడిలో వేస్తుంది. తేదీని కూడా మనలా రాసుకోదు. 1601 జనవరి 1 నుంచి సెకనులో కోటో వంతు లెక్కన ఎన్ని గడిచాయో ఆ సంఖ్య వేసుకుంటుంది. కాబట్టి పీఎస్‌టీ నుంచి మెయిలు తీయడమంటే ఉన్నదాన్ని కాపీ కొట్టడం కాదు, విప్పిన యంత్రాన్ని తిరిగి బిగించడం. జతపరచిన ఫైలు ఉత్తరం లోపలి బొమ్మా, బయట వేలాడే కాగితమా? ఒళ్లు సాదా పాఠమా, హెచ్‌టీఎంఎల్ పాఠమా, రెండూనా? ఇవన్నీ బిగించేవాడే తేల్చాలి. రీడ్‌పీఎస్‌టీ అనే ఉచిత ఉపకరణం ఈ బిగింపు పనినే చేస్తుంది.

ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ లెక్క వేరు. అది ఒక్కో ఫోల్డరుకు ఒక్కో ఫైలు, డీబీఎక్స్ అని, పెట్టుకునేది. విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చి, 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసేదాకా మన ఆఫీసుల్లో బతికింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

మొజిల్లా వారి మెయిలు ప్రోగ్రాము థండర్‌బర్డ్ వాడినవాళ్లు మన వైపు తక్కువే. వాళ్ల దగ్గర మాత్రం ఎంబాక్స్ అనే పాత యూనిక్స్ పద్ధతి కనిపిస్తుంది. ఒక ఫోల్డరులోని ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి ఒకే పాఠంగా రాసుకుపోవడం. ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలైందంటే, 'ఫ్రమ్' అనే ఇంగ్లిషు మాటతో మొదలయ్యే గీటే గుర్తు. మరి ఉత్తరం లోపలే ఎవరైనా అదే మాటతో ఒక వాక్యం మొదలుపెడితే? దాని ముందు ఒక బాణం గుర్తు తగిలించి రాస్తారు. తిరిగి తీసేటప్పుడు ఆ బాణాన్ని తొలగించాలి. కొన్ని ప్రోగ్రాములు తగిలిస్తాయి, తొలగించవు. కొన్ని అసలు తగిలించవు, దాంతో ఒక ఉత్తరం రెండుగా చీలుతుంది. ఇంకో సంగతి: థండర్‌బర్డ్‌లో చెరిపేసిన మెయిలు నిజంగా చెరగదు. ఫోల్డరును 'కాంపాక్ట్' చేసేదాకా ఆ ఫైలులోనే ఉంటుంది, తలకట్టులో మొజిల్లా పెట్టుకునే ఒక స్థితి వరుసలో చిన్న అంకె మాత్రం మారుతుంది. ఆ అంకె చూడని ప్రోగ్రాముతో ఎక్కిస్తే, పదేళ్ల కిందట విసుగెత్తి చెరిపేసిన ప్రకటనలన్నీ కొత్త ఖాతాలో లేచి నిలబడతాయి.

ఇప్పుడు అవతలి గట్టు. క్లౌడు ఖాతాలోకి పాత మెయిలును ఎక్కించే తలుపు ఐమ్యాప్. మార్క్ క్రిస్పిన్ స్టాన్‌ఫర్డ్‌లో 1986లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పాప్ మెయిలును ఇంటికి తెచ్చుకోమంటే, ఐమ్యాప్ మెయిలును సర్వరులోనే ఉంచి మనల్ని అక్కడికి రమ్మంటుంది. అందులో అపెండ్ అనే ఆజ్ఞ ఒకటుంది. నేను చూసిన ఆజ్ఞల్లో ఇంత పొదుపైనది తక్కువ. ఫోల్డరు పేరు, చదివినదా లేదా నక్షత్రం పెట్టినదా అనే గుర్తులు, తేదీ, బైట్ల లెక్క, ఆ వెనకే ఉత్తరం. అంతే.

ఆ బైట్ల లెక్కలోనే ఉంది పనితనం. 'ఇప్పుడు 48,213 బైట్లు వస్తున్నాయి' అని ముందే చెబితే, సర్వరు అన్ని బైట్లు లెక్కపెట్టి తీసుకుంటుంది. లోపల ఏ మాటతో వాక్యం మొదలైందో దానికి అనవసరం. ఎంబాక్స్‌లా బాణాలు తగిలించే పని లేదు, ఉత్తరంలో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు. లోపలికి తొంగిచూసి హద్దు కనిపెట్టేవాడికన్నా, లెక్కతో హద్దు గీసేవాడు ఎప్పుడూ నమ్మకస్తుడు.

తేదీ మాత్రం ఐచ్ఛికం. చెబితే సర్వరు ఆ తేదీనే వేసుకుంటుంది, చెప్పకపోతే ఆ క్షణం తేదీ వేసుకుంటుంది. చవక ఉపకరణాలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. ఉత్తరం లోపల 2006 ఆగస్టు అని ఉంటుంది, పెట్టెలో మాత్రం నిన్న వచ్చినట్టు పైన కూర్చుంటుంది. ఇరవై ఏళ్ల ఉత్తరాలు ఒకే మధ్యాహ్నం వచ్చినట్టు కనిపిస్తే ఆ పెట్టెకు వరుస ఏముంటుంది?

తేదీల విషయంలో ఇంకో తిరకాసు. వచ్చిన ఉత్తరానికి దారిలోని సర్వర్లు వేసిన ముద్రలుంటాయి. మనం పంపిన ఉత్తరానికి సాక్షి మన కంప్యూటరు గడియారమే. మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ గడియారం ఫ్యాక్టరీలో పెట్టిన ఏడాదికి వెనక్కి పోతుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో ఆ రోజుల్లో పంపిన మెయిళ్లు కొన్ని ఏ 2002 జనవరి 1నో పంపినట్టు ఉంటాయి. సరిచేయాలా? అవతలివాళ్ల జవాబు తేదీ చూసి అంచనా వేయొచ్చు. చేయకూడదనే నా మాట. తప్పు తేదీ కూడా ఆ కంప్యూటరు చరిత్రలో భాగమే. తరలించేవాడు దిద్దడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదు.

ఈ దిద్దుబాటు గొడవ కడపకు కొత్త కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, ఇక్కడ బంగళా కొని, పండితులనూ రాయసగాళ్లనూ సొంత ఖర్చుతో పెట్టుకుని తాళపత్రాల పని చేయించారు. ఆయన దగ్గర రెండు రకాల పనులు జరిగాయి. కావ్యాలు, శతకాలు అయితే ఎన్నో ప్రతులు తెప్పించి, పోల్చి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతి తయారు చేయించారు. ఆయన వేమన పద్యాల పుస్తకం 1829లో అచ్చయింది. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణలోని కైఫీయత్తుల సంగతి వేరు. మెకంజీ 1821లో పోయారు. ఊళ్ల చరిత్రలు రాసిన ఆ కాగితాలు తర్వాత పురుగు పట్టి పాడవుతుంటే, బ్రౌన్ వాటిని కొత్త కాగితాల మీదికి ఎత్తి రాయించారు. కైఫీయత్తు అంటే ఆ ఊరి కరణం చెప్పిన మాట, దానికి శుద్ధప్రతి ఉండదు, ఎత్తి రాయడమే ఉంటుంది. ఇప్పుడు ఎర్రముక్కపల్లిలో ఆయన బంగళా ఉన్న చోటే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో నిలబడిన ఆ సంస్థ కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. ఒక కాగితం నుంచి మరో కాగితానికి, అక్కడి నుంచి అచ్చుకు. పాత మెయిలు తరలింపు రెండో రకం పని.

రాయసగాడి పనికి ఈ రోజుల్లో దగ్గరగా వచ్చే ఉపకరణం ఐమ్యాప్‌సింక్. ఫ్రాన్సుకు చెందిన జిల్ లామిరాల్ పెర్ల్ భాషలో రాసి, ఇరవై ఏళ్లకు పైగా దిద్దుకుంటూ వస్తున్న ప్రోగ్రాము ఇది. ఒక ఐమ్యాప్ సర్వరు నుంచి మరో ఐమ్యాప్ సర్వరుకు మెయిళ్లు చేర్చడం తప్ప వేరే పని పెట్టుకోదు. చూడటానికి అందచందాలేమీ లేవు, నల్ల తెర మీద అక్షరాలు పరిగెడతాయి. దాని గుణమంతా ఒక్క మాటలో ఉంది: ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. మధ్యలో కరెంటు పోయినా, బ్రాడ్‌బ్యాండు తెగినా, మళ్లీ మొదటి నుంచి నడిపితే చాలు. అవతల ఇప్పటికే ఉన్నవాటిని వదిలేసి, లేనివాటినే పంపుతుంది. మౌస్‌తో ఫోల్డర్లు లాగి వేసే పద్ధతిలో లైను తెగితే ఎంతవరకు పోయిందో తెలియక, రెండోసారి లాగి అన్నీ రెండేసి చేసుకుంటాం. మన ఊళ్లలో లైను తెగడం మామూలే కాబట్టి ఈ గుణం విలువ మనకే ఎక్కువ తెలుస్తుంది.

ఉందో లేదో దానికెలా తెలుస్తుంది? ప్రతి మెయిలుకూ పుట్టినప్పుడే మెసేజ్ ఐడీ అని ఒక గుర్తింపు ఉంటుంది. దాన్నీ, దారిలో పడ్డ రిసీవ్డ్ ముద్రలనూ కలిపి పోల్చుకుంటుంది. విషయం ఒకటే అయినా, తేదీ ఒకటే అయినా, ఇవి వేరైతే వేరే ఉత్తరమే. మరి పంపినవాటి ఫోల్డరులో పాత ఔట్‌లుక్ దాచిన కొన్ని ప్రతులకు ఆ ఐడీ ఉండదు, అవి దారి నడవలేదు కాబట్టి ముద్రలూ ఉండవు. లామిరాల్ దానికీ ఒక ఉపాయం పెట్టారు. పాత సర్వరులో ఆ ఉత్తరానికున్న నంబరుతో ఒక ఐడీ తయారు చేసి, ఐమ్యాప్‌సింక్ పేరు పక్కన చేర్చి, తలకట్టులో కలుపుతుంది. ఎవరు కలిపారో దాచదు. ఎత్తి రాసినవాడు తన చేతి గుర్తును అంచున వదిలినట్టే. అడగనిదే ఈ పని చేయదు, ఎందుకంటే ఇది కూడా ఉత్తరాన్ని ముట్టుకోవడమే. ఒక్క మెయిలు కూడా పంపకుండా ఏం చేయబోతుందో చెప్పి ఆగిపోయే ఉత్తుత్తి పరుగు కూడా ఉంది. పని తెలిసినవాడు మొదట దాన్నే నడుపుతాడు.

ఐమ్యాప్‌సింక్‌కు రెండు వైపులా సర్వర్లు కావాలి, మన దగ్గర ఉన్నదేమో అటక మీది ఫైలు. అందుకని మెకానిక్కులు ఒక అడ్డదారి తొక్కుతారు. పీఎస్‌టీని రీడ్‌పీఎస్‌టీతో విప్పి, అంగట్లోని కంప్యూటరులోనే డవ్‌కాట్ అనే చిన్న ఐమ్యాప్ సర్వరును నిలబెట్టి, మెయిళ్లు అందులో పోస్తారు. ఫిన్లండుకు చెందిన టిమో సిరైనెన్ రాసిన ఈ డవ్‌కాట్ ప్రపంచంలో పెద్ద పెద్ద మెయిలు సంస్థలు వాడేదే. దాన్ని నాపరాయి వ్యాపారి పాత ఉత్తరాల కోసం కొన్నాళ్లు నడిపి ఆపేయడం నాకు తమాషాగానూ గొప్పగానూ అనిపిస్తుంది. ఆ దశలో అన్నీ పరీక్షించుకోవచ్చు, తప్పయితే చెరిపి మళ్లీ పోయవచ్చు, గూగుల్ ఖాతా జోలికి పోకుండానే.

తెలుగు ఫోల్డరు పేర్లు, తెలుగు విషయాలు ఉంటే అప్పుడు అసలు పరీక్ష. ఐమ్యాప్ పాత కాలపు పద్ధతి కాబట్టి ఫోల్డరు పేరును సాదా అక్షరాల్లోకి మార్చి పంపాలి. 'అమ్మ' అని ఫోల్డరు పెట్టుకుంటే అది 'అండ్' గుర్తుతో మొదలై అడ్డగీతతో ముగిసే అర్థం లేని అక్షరాల గుంపుగా ప్రయాణిస్తుంది. ఒకసారి మారిస్తే అవతల మళ్లీ 'అమ్మ' అవుతుంది. అప్పటికే మార్చినదాన్ని ఇంకోసారి మార్చే ప్రోగ్రాము చేతిలో పడితే కొత్త ఖాతాలో ఎవరికీ తెలియని ఫోల్డరు ఒకటి మిగులుతుంది. విషయపు వరుసదీ ఇలాంటి కథే. సంకేత రూపంలో ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదన్నది నియమం. యూటీఎఫ్ ఎయిట్‌లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. ముందూ వెనకా పోయే గుర్తులు తీసేస్తే ఒక ముక్కలో 45 బైట్లు, అంటే 15 తెలుగు సంకేతాలు పడతాయి. 'కర్నూలు' ఒక్కటే 7 సంకేతాలు. కాబట్టి ఓ మాదిరి తెలుగు విషయం కూడా రెండు మూడు ముక్కలవుతుంది. ఒక సంకేతం మధ్యలో మాత్రం కోయరాదు. గుణింతం ఒక ముక్కలో, దాని అక్షరం ఇంకో ముక్కలో పడినా పర్వాలేదు, కలిపినప్పుడు అతుక్కుంటాయి. మూడు బైట్లలో రెండు ఇటు, ఒకటి అటు పడితే మాత్రం ఆ చోట నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం శాశ్వతంగా కూర్చుంటుంది. ఇంగ్లిషు మెయిళ్లతోనే పరీక్షించిన ప్రోగ్రాములకు ఈ తప్పు ఎన్నటికీ కనిపించదు. ఇంగ్లిషు అక్షరానికి ఒకే బైటు కదా, మధ్యలో కోయడానికేం ఉంది.

పని నడిపే తీరు గురించి కూడా చెప్పాలి. మంచి మెకానిక్ అసలు హార్డ్ డిస్కును తెరవడు. మొదట దాన్ని వేరే డిస్కుకు ఎత్తి, ఆ ప్రతి మీదే రిపేరు ఉపకరణం నడుపుతాడు. ఔట్‌లుక్‌తో వచ్చే ఆ ఉపకరణం ఫైలును అక్కడికక్కడే మార్చేస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. తర్వాత లెక్క. గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతాకు ఐమ్యాప్ ద్వారా రోజుకు 500 ఎంబీకి మించి ఎక్కనివ్వదు. పీఎస్‌టీలో జతపరచిన ఫైళ్లు ముడి రూపంలో ఉంటాయి, మెయిలుగా బిగించేసరికి ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలవుతాయి. బండల ఫొటోలు, ఇన్‌వాయిసుల స్కాన్లు నిండిన 6 జీబీ పీఎస్‌టీ అవతలికి చేరేసరికి 8 జీబీ అవుతుంది. రోజుకు 500 ఎంబీ చొప్పున రెండు వారాలు దాటుతుంది. 'రేపు సాయంత్రానికి అయిపోతుంది సార్' అన్నవాడిని నమ్మకండి. ఏడాదివారీగా, పాతవాటి నుంచి కొత్తవాటికి, రాత్రి పూట నడిపేవాడిని నమ్మండి.

పాస్‌వర్డు సంగతీ పనితనంలో భాగమే. గూగుల్ 2022 మే నుంచి వ్యక్తిగత ఖాతాల్లోకి మామూలు పాస్‌వర్డుతో ఇలాంటి ప్రోగ్రాములను రానివ్వడం ఆపేసింది. రెండంచెల భద్రత పెట్టుకుని, ఈ పనికోసమే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు పుట్టించాలి. ఖాతాదారు దగ్గర కూర్చుని దాన్ని పుట్టించుకోవడం, పని అయిన రోజు ఆయన చేతనే దాన్ని తీయించేయడం మర్యాద. ఉత్తరాలు చదవకుండా ఉత్తరాలు మోయడం పోస్టుమాన్ నాటి నుంచీ ఉన్న మర్యాదే.

చివరికి యజమాని అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "మెయిల్సన్నీ ఉండాయా అన్నా?" ఉన్నాయని నోటితో అంటే చాలదు. పాత వైపు ఫోల్డరువారీ ఎన్ని, కొత్త వైపు ఎన్ని అన్న పట్టిక చేతికివ్వాలి. జీమెయిల్ విషయంలో రెండు వైపుల మొత్తాలూ కలవకపోవచ్చు, కలవకపోవడమే సరైనది కావచ్చు. అందులో ఫోల్డర్లు లేవు, లేబుళ్లు మాత్రమే. ఒకే ఉత్తరం పాత ఔట్‌లుక్‌లో రెండు ఫోల్డర్లలో కాపీ అయి ఉంటే, జీమెయిల్ దాన్ని ఒకే ఉత్తరంగా ఉంచి రెండు లేబుళ్లు తగిలిస్తుంది. ఫోల్డరువారీ లెక్క కలుస్తుంది, మొత్తం తగ్గుతుంది. ఈ తేడాను ముందుగానే కాగితం మీద రాసి ఇచ్చే మనిషి దొరికితే వదులుకోకండి.

ఇంతా చేశాక చదవడానికి రాని ఉత్తరాలు కొన్ని మిగులుతాయి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగును మెయిల్లో పంపడానికి మనవాళ్లు రెండు దారులు పట్టారు. ఒకటి ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయడం. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి దానికి క్రమం తెచ్చింది. అమెరికా పిల్లల పాత మెయిళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. అన్నీ సాదా అక్షరాలే కాబట్టి ఏ తరలింపూ దాన్ని చెరపలేకపోయింది, ఇప్పటికీ అచ్చంగా అలాగే ఉంది. రెండోది అను వంటి ఫాంట్లతో, పత్రికలు సొంతంగా చేయించుకున్న ఫాంట్లతో రాయడం. అక్కడ తెలుగు అక్షరం ఆకారం ఫాంటులో ఉంటుంది, మెయిల్లో ఉన్నది ఇంగ్లిషు గుర్తుల సంకేతమే. ఫాంటు లేకపోతే గజిబిజి. కడప విలేకరులు హైదరాబాదుకు పంపిన పాత వార్తలు ఇలా ఉంటాయి. వీటిని తరలించేటప్పుడే యూనికోడ్‌లోకి మార్చేద్దామని కొందరికి తోస్తుంది. మార్చకూడదు, ఉన్న బైట్లు ఉన్నట్టే ఎక్కించాలి. ఏ ఫాంటో తప్పుగా ఊహించి మారిస్తే వెనక్కి రావడం కుదరదు. నాగార్జున వెన్న రాసిన పద్మ అనే మొజిల్లా పొడిగింపు ఒకప్పుడు ఇలాంటి ఫాంటు తెలుగును చదివేవారి తెర మీద యూనికోడ్‌గా చూపించేది, అసలు పాఠాన్ని ముట్టుకోకుండా. సరైన పద్ధతి అదే.

ఈ ఉత్తరాలు జీమెయిల్ వెతుకులాటకు మాత్రం చిక్కవు. 'కడప' అని కొడితే యూనికోడ్‌వే వస్తాయి. ఆర్‌టీఎస్‌లో ఉన్నవాటికి ఇంగ్లిషు అక్షరాల్లో ఆ స్పెల్లింగే కొట్టాలి, ఫాంటువి ఎలా కొట్టినా రావు. అందుకని తరలింపు అయిన వెంటనే, ఏ ఫోల్డర్లలో ఏ ఫాంటు వాడారో యజమానికి ఇంకా గుర్తుండగానే, ఆ ఉత్తరాలన్నిటికీ 'పాత ఫాంటు' అని ఒక లేబుల్ తగిలించి, పక్కన ఆ ఫాంటు పేరు రాసి పెట్టాలి. ఆ ఫాంటు ఫైలును కూడా పాత సీపీయూలోంచి తీసి, ఆ ఖాతాకే ఒక మెయిలుగా పంపుకోవాలి.